పోపు వాసన లేని ఇల్లు

రాయగడలో మా ఇంటిని నేను కళ్ళు మూసుకుని కూడా కనిపెట్టగలను. కింద కిరాణా హోల్‌సేల్ కొట్టు, వెనక గోదాం, పైన మేం. వీధి మలుపు తిరగగానే ఎండుమిరపకాయల ఘాటు ముక్కులో దూరుతుంది. మెట్లెక్కుతుంటే వంటింట్లోంచి పోపు వాసన ఎదురొస్తుంది. మా అమ్మ పోపు పెడితే కింద సరుకు దించుకునేవాళ్ళు కూడా ఒక్క క్షణం తలెత్తి చూస్తారు. తమాషా ఏమిటంటే ఆ పోపు మా అమ్మ తినదు. పప్పులో పోపు పెట్టకముందే తన వంతు ఒక చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకుంటుంది. పులుసైనా అంతే, చారైనా అంతే. చిన్నప్పుడు ఎందుకని అడిగితే "నాకు సయించదే" అనేది. ఆవాలు పడవు కాబోలని ఊరుకున్నాం.

ఆ శనివారం కోరాపుట్ నుంచి రైల్లో వచ్చి మెట్లెక్కుతుంటే పోపు వాసన లేదు. తలెత్తి చూస్తే గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

మా వైపు వాళ్ళకి ఆ రెండు గుర్తులూ చాలు, ఇంట్లో ఎవరికో ఆటలమ్మ పోసిందని తెలిసిపోతుంది. వ్యాపారం కోసం ఉత్తరాంధ్ర నుంచి ఈ ఒడిశా కొండల్లోకి వచ్చి మా వాళ్ళకి తరాలు గడిచాయి. కొట్లో ఒడియా, సంతలో కొండవాళ్ళ దేశియా మాట్లాడతాం, ఇంట్లోకి వచ్చేసరికి మాత్రం మా పాత తెలుగు, మా పాత పద్ధతులు. ఆటలమ్మ పోస్తే దాన్ని జబ్బు అనకూడదు, అమ్మవారు వచ్చిందనాలి. నూనె కాగకూడదు, పోపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, మందు వెయ్యకూడదు. పొక్కులు పోసిన పిల్లే అమ్మవారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు.

"వచ్చేవా? కాళ్ళు కడుక్కొని రా. గుంటకి అమ్మవారు పోసింది," అంది అమ్మ వంటింట్లోంచి.

గుంటంటే మా అన్నయ్య పెద్ద కూతురు. బడిలో ఎవరి దగ్గర్నుంచో తెచ్చుకుంది. ముందుగదిలో వేపాకు పరిచిన దుప్పటి మీద కూర్చుని, మొహం నిండా నీటిపొక్కులతో, నన్ను చూసి "అత్తా, నేను అమ్మవారిని, నాకు దణ్ణం పెట్టు" అంది. పక్కనే దాని చెల్లెలు, ఇంకా మాటలు సరిగా రాని పసిది, అక్క తాగి వదిలేసిన మజ్జిగ గ్లాసు నోటికి ఆనించుకుని ఉంది. దణ్ణం పెట్టాను. నవ్వుతూనే పెట్టాను గాని, నా ఆలోచనంతా బుధవారం మీద ఉంది. బుధవారం మా చెల్లెలు ఆ గదిలోకే రావాలి.

మా చెల్లెల్ని బోరిగుమ్మలో ఇచ్చాం. తొలి చూలు, తొమ్మిదో నెల. మొదటి పురుడు పుట్టింట్లో జరగాలన్నది మా ఇళ్ళలో ఎవరూ తిరగరాయని మాట. ఏడో నెలలో తీసుకురావలసింది, వానలకి ఘాట్ రోడ్డు పాడైందని ఆగారు. ఇప్పుడు బుధవారం మంచి రోజు. అది దాటితే మూఢం వస్తోంది, ఇక కదలడానికి వీల్లేదన్నారు పంతులుగారు. ఆ పురిటికి ఇల్లు సర్దడానికని నేను సెలవు పెట్టి వచ్చాను.

నేను కోరాపుట్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. కరోనా రోజుల్లో ఊపిరాడని ప్లాస్టిక్ సూటులో కూర్చుని జిల్లా నలుమూలల నుంచి వచ్చిన నమూనాలు పరీక్షించిన దాన్ని. వైరస్ అంటే జనానికి భయం, నాకు మాత్రం ఒళ్ళుమంట. దానికి సొంతంగా బతకడం చేతకాదు. పోగుచేస్తే ఒక పొట్లం సమాచారం, దానిమీద ఒక గుల్ల, అంతే. మన ఒంట్లోని కణంలో దూరి, దాని చేత తన నకళ్ళు చేయించుకుని, కణాన్ని పాడుచేసి పక్క కణం మీద పడుతుంది. ఇంకొకరి ఇంట్లో జొరబడి, వాళ్ళ పొయ్యి మీదే వండుకుతిని, పోతూపోతూ ఇల్లు పీకిపోయే రకం. అలాంటిదానికి దణ్ణం పెట్టమంటే నాకు ఎక్కడో కాలుతుంది.

పెళ్ళికి ముందే చెల్లెలికి ఆటలమ్మ టీకా వేయిద్దామన్నాను. నాకూ అన్నయ్యకీ చిన్నప్పుడు పోసింది, అప్పటికి చెల్లెలు పుట్టలేదు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో అది లేదు, మనమే వేయించుకోవాలి. "అమ్మవారికి సూది పొడిపిస్తావేటే?" అని అమ్మ ఒంటికాలి మీద లేచింది. నెల తప్పాక చెల్లెలి రక్తం నేనే తీసి పరీక్ష చేశాను. ఆటలమ్మని అడ్డుకునే శక్తి దాని ఒంట్లో లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఆ టీకా వెయ్యకూడదు. అంటే పురుడయ్యేదాకా దాన్ని ఆ గాలి సోకకుండా కాపాడుకోవడమొక్కటే దారి.

బట్టలు మార్చుకోకుండానే వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. "అమ్మా, చెల్లి ఇక్కడికి రాకూడదు."

అమ్మ చల్ది అన్నంలో పెరుగు కలుపుతోంది. చెయ్యి ఆపలేదు. "సాల్లే. పురిటికొచ్చే పిల్లకి అమ్మవారు ఎదురొచ్చిందంటే ఎంత అదుట్టమే! గుంట సేత బొట్టు పెట్టిస్తాను, సుకంగా నీళ్ళాడతాది."

"బయటివాళ్ళని రానివ్వకూడదని నువ్వే కదా వేపమండలు కట్టావు?"

"సిన్నమ్మి బయటి మనిసేటి? నా కడుపున పుట్టిన పిల్ల!"

చిక్కంతా అక్కడే ఉంది. మనవాళ్ళ ఆ కట్టడి నిజానికి మంచిదే. జబ్బు చేసిన ఇంటికి ఎవరూ రావద్దు, ఇంట్లోవాళ్ళు ఎవరింటికీ పోవద్దు అన్నది నేను ల్యాబ్‌లో కూర్చుని చెప్పినా అదే చెబుతాను. కానీ మా ఇళ్ళలో ఆ కట్టడి పాలవాడికి, పక్కింటావిడకి, సరుకు తెచ్చేవాడికి. ఇంటి ఆడపిల్లకి ఏ అడ్డూ ఉండదు. అమ్మవారు వచ్చిందని తెలిస్తే అత్తారింటి నుంచి కూతుళ్ళు పసుపు కుంకుమ పట్టుకుని మరీ వస్తారు. వైరస్‌కి ఇంటిపిల్లా పైవాళ్ళా అన్న తేడా తెలియదని చెప్పడానికి నాకు ఆ పూటంతా నోరు నొప్పెట్టింది. అమ్మ పట్టిన పట్టు వదల్లేదు.

అన్నయ్య మధ్యే మార్గంగా వెనక గది చూపించాడు. "అందులో ఉంచుదాం, పిల్లల్ని అటు పోనివ్వం," అన్నాడు. ఈ వైరస్ పొక్కుల్లోంచే కాదు, ఊపిరిలోంచి కూడా వస్తుంది. ఒకే మెట్లు, ఒకే వసారా, ఒకే గాలి. పైగా పెద్దదానికి తగ్గిపోతే సరిపోదు. చిన్నది అక్క ఎంగిలి గ్లాసు పట్టుకుని కూర్చుంది, టీకా లేదు. పెద్దదానికి పొక్కులు ఎండి ఊపిరి పీల్చుకునే వేళకి చిన్నదానికి మొదలవుతుంది. సరిగ్గా అప్పటికి చెల్లెలికి నొప్పులు వస్తాయి. ఇదంతా వేళ్ళ మీద లెక్కకట్టి చూపిస్తే అన్నయ్య మొహం పాలిపోయింది. "అమ్మతో నువ్వే సెప్పుకో," అని కిందకి దిగిపోయాడు.

ఆదివారం చెల్లెలికి ఫోన్ చేశాను. అంతా విని అది మెల్లిగా అంది. "అప్పా, నువ్వు సెప్పింది నాకర్దమవుతోంది. కానీ ఇక్కడ మా అత్తగారు సారె డబ్బాలన్నీ కట్టేసేరు. కారు మాటాడేరు. పుట్టింటోళ్ళే వద్దన్నారంటే ఈళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వు రావద్దంటే ఆగలేను. అమ్మ సెప్తే ఆగుతాను."

"కడుపులో పిల్లకి ఏమన్నా అయితే?"

"అమ్మేమో నిన్ననే ఫోన్ సేసి, తప్పకుండా రా అమ్మీ, అమ్మవారి సేత బొట్టెట్టిస్తాను అంది. నేనెవరి మాట ఇనాలి?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. తల్లి నోటి నుంచి ఒక్క మాట రావాలి, ఆ మాట ఇంకెవరు అన్నా చెల్లదు. సరే, ఆ మాట తెప్పించే నేను రాయగడ వదులుతానని ఒట్టు పెట్టుకున్నాను. ల్యాబ్‌కి ఫోన్ చేసి సెలవు పొడిగించుకున్నాను.

సోమవారం పెద్దదానికి జ్వరం బాగా కాసింది. అమ్మకీ నాకూ మంచం దగ్గరే యుద్ధం. నేను గోళ్ళు తీస్తానంటే తియ్యకూడదంది. గోకితే పుళ్ళు చీము పడతాయని చెప్పి, మేజోళ్ళు తెచ్చి చేతులకి తొడిగాను, దానికి ఒప్పుకుంది. జ్వరానికి మందంటే ససేమిరా అంది. "అమ్మవారు ఏదడిగితే అది పెట్టాలన్నావు కదా, అడుగుదాం," అని పిల్లనే అడిగాను. ఒళ్ళు నొప్పులతో మూలుగుతున్న ఆ అమ్మవారు "మందు కావాలి, తియ్యటిది" అంది. పారాసిటమాల్ సిరప్ పోశాను. ఇలాంటి జ్వరంలో పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, ఆ జాగ్రత్త వదినకి రెండుసార్లు చెప్పాను. కిటికీలన్నీ తెరిచాను. వేపమండతో విసరడానికి నాకేం అభ్యంతరం లేదు, దురదకి హాయిగా ఉంటుంది. అలా సగం నా మాట, సగం అమ్మ మాట చెల్లుతూ రోజు గడిచింది. అసలు మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

మంగళవారం భోజనాలయ్యాక అమ్మ గోదాంలో ఉంది. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన పెసలు చేటలో పోసి చూస్తోంది. నాన్న పోయాక కొట్టు అన్నయ్య చూసుకుంటున్నా, సరుకు మంచిదో పుచ్చుదో తేల్చడం అమ్మ పనే. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇంక అరవకూడదు, ఏడవకూడదు అనుకుని వెళ్ళాను.

"అమ్మా, పెద్దదానికి పొక్కులు ఎప్పుడు కనబడ్డాయి?"

"బేస్తారం."

"అంతకు ముందు రోజు బడికి వెళ్ళింది కదా. ఆ రోజు దాని ఒంటి మీద ఏమీ లేదు. అయినా దాని పక్కన కూర్చున్న పిల్లలకి అప్పటికే అంటించి ఉంటుంది."

"ఏటీ నేకుండా ఎలా అంటుద్దే?"

"ముందు గొంతులో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అక్కడ చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి, ఆఖర్న చర్మం మీదకి వస్తుంది. మనం పొక్కు చూసి అమ్మవారు ఈ రోజు వచ్చిందనుకుంటాం. అది వచ్చి చాలా రోజులవుతుంది. గుమ్మానికి వేపమండ కట్టే వేళకే సగం పని అయిపోతుంది."

అమ్మ చేటలోంచి ఒక గింజ తీసి గోటి మీద పెట్టి చూసింది. చిన్న గుండ్రటి బొక్క ఉంది. "పుచ్చు కూడా ఇంతే," అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "గింజకి బొక్క కనపడ్డాదంటే పురుగు బయటికొచ్చీసినట్టే. అప్పటికి పక్క బస్తాలో గుడ్లెట్టీసుంటాది." ఆ బస్తా మూతి బిగించి కట్టి, విడిగా ఎండలోకి లాగమని కూలీకి కేక వేసింది. పక్కనున్న రెండు బస్తాలు కూడా చూడకుండానే లాగించింది.

అప్పుడు నేను తొందరపడకుండా రెండో మాట చెప్పాను. తల్లికి ఒకసారి ఆటలమ్మ పోసి తగ్గితే ఆమె రక్తంలో దాన్ని అడ్డుకునే కాపలా తయారవుతుంది, కడుపులో బిడ్డకి ఆ కాపలా తల్లి నుంచే అందుతుంది. అదే తల్లికి పురుటికి కాస్త ముందో, అయిన వెంటనో పోస్తే, వైరస్ బిడ్డకి చేరుతుంది, కాపలా చేరదు. అది తయారు కావడానికి తల్లికే ఇంకా వ్యవధి ఉండదు కదా. అలా పుట్టిన బిడ్డకి చాలా ప్రమాదం.

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "పుట్టినప్పుడు బాగానే ఉంటాదేటి?" అంది.

"ఉండొచ్చు. కొన్ని రోజులకి పొక్కులు వస్తాయి."

"పాలు తాగడం మానేస్తాదేటి?"

"మానేస్తుంది."

"డొక్కలు ఎగరేస్తాదేటి, ఊపిరి అందక?"

ఆమె అడగడం లేదని, ఎప్పుడో చూసింది చెబుతోందని అప్పుడు అర్థమైంది. అన్నయ్యకి ముందు అమ్మకి ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని మాకు తెలుసు. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ గోదాంలో, పెసల మధ్య కూర్చుని అమ్మ చెప్పింది.

తొలి పురిటికి పార్వతీపురం దగ్గర పుట్టింటికి వెళ్ళిందట. వెళ్ళేసరికి మా చిన్న మావయ్యకి అమ్మవారు పోసి ఉందట. రోజూ చప్పిడి కూడు. కడుపుతో ఉన్న నోరు, పుల్లటిదీ కారమైనదీ అడుగుతుంది. ఒకరోజు మా అమ్మమ్మ గుడికి వెళ్ళినప్పుడు, చింతపండు పులుసు కాచి అందులో పోపు పెట్టుకుని తినేసిందట. గిన్నె కడిగేసినా వాసన దాగలేదు. కొద్ది రోజులకి అమ్మకి ఒళ్ళంతా పోసింది. ఆ పొక్కులతోనే పురుడు వచ్చింది. పిల్ల పచ్చగా, జుట్టుతో, బాగా పుట్టింది. తర్వాత అమ్మ ఇందాక అడిగినవన్నీ జరిగాయి.

"అమ్మవారింట్లో పోపెట్టింది, తల్లికి కళ్ళు మండేయి, అందుకే పిల్లని తీసుకుపోయింది అన్నారు. మాయమ్మా అంది. మాయత్తగారూ అంది. సచ్చిపోయిందాకా అంది," అని ఆగింది. "నోరు కట్టుకోలేక పిల్లని సంపుకున్నాననుకున్నానే ఇన్నాళ్ళూ. అందుకే ఈసారి ఏ తప్పూ రానివ్వకుండా, ఇదాయకంగా సేసి, సిన్నమ్మిని తల్లి కాళ్ళ కాడ పెట్టాలనుకున్నాను."

చిన్న గిన్నెలో పోపు లేని పప్పు కలుపుకుంటూ నా కళ్ళముందు ఇన్నేళ్ళు కూర్చున్న మనిషి ఆమె. సయించదంటే నమ్మేశాను. మొండితనం అనుకుని మూడు రోజులుగా నేను పోట్లాడుతున్నది ఈ బరువుతోనా అని దుఃఖం పొంగుకొచ్చింది.

"అయితే," అంది అమ్మ, చేటవైపే చూస్తూ, "పోపు వల్ల కాదేటే?"

"కాదమ్మా."

"సరిగ్గా సెప్పు. నా మనసు కోసం సెప్పకు."

"నీ మనసు కోసం చెప్పడం లేదు. నువ్వు పోపు పెట్టేనాటికే అది నీ ఒంట్లో ఉంది. పుట్టింట్లో అడుగుపెట్టిన రోజే మావయ్య ఊపిరిలోంచి వచ్చి ఉంటుంది. పోపు పెట్టినా అదే జరిగేది, పెట్టకపోయినా అదే జరిగేది. నువ్వు చప్పిడి తిన్నా, ఉపవాసమున్నా, పొర్లుదండాలు పెట్టినా అదే జరిగేది. నిన్ను ఆ ఇంటికి రానివ్వకుండా ఉంటే మాత్రం జరిగేది కాదు."

తూకం మీద అనుమానం వచ్చిన బేరగాడు కాటా తిప్పితిప్పి చూసినట్టు అమ్మ అదే ప్రశ్న రకరకాలుగా అడిగింది. ఆవాలు వేడి చేస్తాయి కదా అంది. నూనె పొగ పిల్లకి తగిలిందేమో అంది. అన్నిటికీ కాదన్నాను. చివరికి చేట కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ అలా ఏడవగా నేను నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు. పట్టుకుని కూర్చున్నాను, ఓదార్చలేదు. ఏడవనిచ్చాను.

ఏడ్చి, మొహం తుడుచుకుని, "ఫోనియ్యి," అంది.

చెల్లెలు ఎత్తగానే, అమ్మ ముందూ వెనకా ఏమీ చెప్పలేదు. "అమ్మీ, నువ్వు రాకు," అంది. అవతల ఏడుపు మొదలైంది. అమ్మ కళ్ళు మూసుకుంది గాని గొంతు వణకనివ్వలేదు. "ఏడిస్తే ఏడు. నా గుమ్మం తొక్కకు. తొక్కితే నా మీదొట్టే. అప్పతో ఎల్లు, దానింట్లో ఉండు. మీ అత్తగారికియ్యి ఫోను."

మా చెల్లెలి అత్తగారు మాట పడే మనిషి కాదు. "అదేటి వదినగారూ, తొలి పురుడు పుట్టింట్లో కాదంటే పదిమందీ ఏటనుకుంటారు?" అందావిడ, ఫోన్ దూరంగా పట్టుకున్నా నాకు వినిపించేంత గట్టిగా.

"కన్నతల్లే గుమ్మంలోంచి పొమ్మంది అనుకుంటారు, అనుకోనీండి," అంది అమ్మ. "నిస్టూరం నాదే. మా ఇంట్లో పిల్లలకి అంటుజబ్బుంది. నా పిల్లకీ, మీ మనవడికో మనవరాలికో అది తగలకూడదు. తగిలితే ఏటౌద్దో నా కళ్ళతో సూసేను. నేను సూసేను వదినగారూ."

అమ్మ దాన్ని అంటుజబ్బు అనడం ఆ ఇంట్లో అదే మొదలు. అవతల ఆవిడ గొంతు తగ్గించి, "అలాగే కానియ్యండి. బుధవారం కోరాపుట్‌కే తీసుకొస్తాం," అంది.

బోరిగుమ్మ కారు ఎలాగూ కోరాపుట్ మీదుగానే వెళ్ళాలి. నేను ముందు రైల్లో వెళ్ళి, తలస్నానం చేసి, రాయగడలో కట్టిన బట్టలన్నీ సబ్బులో నానబెట్టి, చెల్లెల్ని నా క్వార్టర్‌లో దింపుకున్నాను. నాకు చిన్నప్పుడే పోసింది కాబట్టి నాలోంచి దానికి అంటదు, అయినా నా మనసు ఊరుకోలేదు. ఆసుపత్రిలో డాక్టరుగారికి సంగతంతా ముందే చెప్పి ఉంచాను. చెల్లెలు గుమ్మంలో కాలు పెడుతూనే నా మీద అలిగింది. అమ్మ గుమ్మం తొక్కవద్దందని రోజూ ఏదో ఒక వేళ ఏడ్చేది. అమ్మ ఎందుకు అలా అందో నేను చెప్పలేదు, అది అమ్మే చెప్పాలి. అమ్మ మాత్రం రోజూ ఫోన్ చేసి "తిన్నాదా, పడుకున్నాదా" అని నన్ను అడిగి పెట్టేసేది. చెల్లెలితో మాట్లాడితే రమ్మని నోరు జారుతుందని ఆమె భయం.

నేను అన్నట్టే చిన్నదానికీ పొక్కులు వచ్చాయి. అన్నయ్య ఆ కబురు చెప్పిన రోజే చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. రాయగడలో ఆ గదిలో ఉండి ఉంటే ఏమయ్యేదో అని చెల్లెలి చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఆలోచించాను. కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. పచ్చగా, జుట్టుతో ఉంది. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో మాకు ఆమె నుదుటి బొట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు. "పాలు తాగుతోందా?" అని మాత్రం అడిగింది. తాగుతోందని చెల్లెలు చెప్పింది. "ఇంకోసారి సూపించు, తాగతన్నప్పుడు," అంది.

పిల్లలిద్దరికీ పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాక, అమ్మ వాళ్ళకి పసుపూ వేపాకూ వేసి నీళ్ళు పోసింది. అమ్మవారికి చలిమిడి పెట్టి సాగనంపింది. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ ఉడికించి ఎండలో వేయించి, తానూ స్నానం చేసి, పొద్దుటి రైలెక్కి కోరాపుట్ వచ్చింది. గుమ్మం బయట నిలబడి "రావొచ్చా?" అని నన్ను అడిగింది. మా అమ్మ ఎవరింటికి వెళ్ళినా అలా అడిగే మనిషి కాదు. రమ్మన్నాక కూడా చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని అప్పుడు పిల్లని ఎత్తుకుంది. ఎత్తుకుని దాని డొక్కలు చూసింది, ఊపిరి చూసింది. చెల్లెలు అలక మరిచిపోయి అమ్మ భుజం మీద తల పెట్టింది. ఆ మధ్యాహ్నం తలుపు మూసుకుని ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. బయటికొచ్చాక చెల్లెలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ టీకా ఇప్పుడు ఏసుకోవచ్చా అప్పా?" అని అడిగింది. పాలిచ్చే తల్లి వేసుకోవచ్చన్నాను. రాయగడలో చుట్టుపక్కల పిల్లల సంగతి కూడా చూడమని అమ్మ నన్ను పురమాయించింది, తానే ఇల్లిల్లూ తిరిగి చెబుతానంది.

సాయంత్రం బాలింతకి పత్యం వండి పెట్టాక, మా ఇద్దరికీ పప్పు వండింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. అలవాటు ప్రకారం చిన్న గిన్నె అందుకుని తన వంతు తియ్యబోయింది. గరిట పప్పులో పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చిన్న గిన్నెని బోర్లించి పక్కన పెట్టి, నూనె కాచి, ఆవాలు వేసింది. అవి చిటపటలాడుతుంటే పోపంతా పప్పు మీద ఒంపేసింది. ఇల్లంతా వాసన నిండింది.

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. అమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నానని ఆమెకి తెలుసు. లోపల పసిపిల్ల కేరుమంటే ఒకసారి అటు చూసి, మళ్ళీ కంచం వైపు తిరిగింది.

"ఆవాలు కొంచెం మాడేయి," అంది. అని, కంచం నా వైపు జరిపింది. "అయినా ఎయ్యి, ఇంకో గరిటెడు."